అమ్మ పోసిన నీళ్లు

మొన్న ఏప్రిల్‌లో ఆఫీసువాళ్లు వారం రోజులు హైదరాబాద్ రమ్మన్నారు. రెండో రోజు మీటింగ్‌లో ఉండగా అమ్మ వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. కింద వాయిస్ మెసేజ్: ‘‘నువ్వు చెప్పిన గీత దాక నీళ్లు పోసిన బిడ్డా. చేపలు మంచిగనే ఉన్నయ్. నువ్వు టైముకు తిను.’’ నేను ఒక హార్ట్ ఎమోజీ కొట్టి మళ్లీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చాను. ఆ ఫొటోని ఒక్కసారి జూమ్ చేసి ఉంటే ఈ వారం వేరే దేని గురించో రాసేవాణ్ని. అమ్మ చేతిలో మగ్గు ఉంది. మగ్గు పక్కన ఉన్నది తెల్ల క్యాన్ కాదు, నీలం డ్రమ్ము.

కొత్తగా చదువుతున్నవాళ్లకి ఒక మాట. మాది నిజామాబాద్ జిల్లా ధర్పల్లి. వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. మా దగ్గర నీళ్లంటే రామడుగు ప్రాజెక్టు, చెరువులు, బోర్లు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి ఊళ్లో మా హాల్లో టీవీ పక్కన 150 లీటర్ల సముద్రం పెట్టుకున్నాను. పైన అద్దాల ట్యాంకులో 120 లీటర్లు. కింద అల్మారాలో ఫిల్టర్, పంపు ఉండే చిన్న తొట్టిలో 30 లీటర్లు. దీన్ని సంప్ అంటారు. అమ్మకి సంప్ అంటే వాకిట్లో భూమిలో ఉండేదే కాబట్టి, ఇంట్లో దీని పేరు ‘కింది తొట్టి’.

అందులో ఉండేది రెండు క్లౌన్ చేపలు, అంటే సినిమాలో నీమో జాతివి. నాలుగు నత్తలు. ఇంకా ఒక ఎర్ర చారల రొయ్య. ఈ రొయ్య చేపల ఒంటి మీద పరాన్నజీవుల్ని ఏరుకుని తింటుంది. చేపలు దాని ముందుకొచ్చి, పేషెంట్లలా కదలకుండా నిలబడతాయి. బాపు దానికి ‘డాక్టర్ సాబ్’ అని పేరు పెట్టాడు. పగడాలు లేవా అని చాలామంది అడుగుతుంటారు. రాతి పగడాలు మన దేశంలో వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. అమ్మడం, కొనడం నేరం. క్లౌన్ చేపల సంగతి వేరు. వాటిని హేచరీల్లో పిల్లలు చేయించి పెంచే పద్ధతిని తమిళనాడు, కేరళ తీరాల్లోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎప్పుడో తయారు చేశారు. నా రెండూ అలా తొట్టిలో పుట్టినవే, సముద్రం మొహం చూడనివి. ఆ విషయంలో మా ఊరి పిల్లల్లాంటివే.

సరే, ఏప్రిల్ సంగతికి వద్దాం.

ఆరు రోజుల తర్వాత ఆదివారం రాత్రి ఇంటికి వచ్చాను. నీళ్లు గాజులా మెరుస్తున్నాయి. కింది తొట్టికి నేను అతికించిన టేపు గీత దగ్గర నీటి మట్టం ఒక్క మిల్లీమీటరు కూడా తేడా లేదు. అమ్మ పనంటే అలాగే ఉంటుంది. కానీ డాక్టర్ సాబ్ మూలన పక్కకి ఒరిగి ఉంది. చేయి పెడితే గోళ్లు శుభ్రం చేయడానికి ఉరికొచ్చేది, ఇప్పుడు రాలేదు. రిఫ్రాక్టోమీటర్ తీసి ఒక చుక్క వేసి చూశాను. ఉప్పు 35 ఉండాలి. 39 చూపిస్తోంది. పరికరం పాడైందనుకుని 35 స్టాండర్డ్ ద్రావణంతో సరిచూశాను. అది సరిగ్గా 35 చూపించింది. ట్యాంకు నీళ్లు మళ్లీ 39.

‘‘అమ్మా, ఏ నీళ్లు పోసినవ్?’’

‘‘నువ్వు పక్కకు పెట్టినవి గదా అన్నవ్. రెండు ఉన్నయ్ మరి. ఏది అని నాలుక మీద పెట్టి చూసిన. తెల్ల క్యాన్లవి చప్పగున్నయ్. డ్రమ్ములవి ఉప్పగున్నయ్. ఉప్పు నీళ్ల చేపలు గదా, ఉప్పు నీళ్లే పొయ్యాలె అనుకున్న. ఏ... తప్పా?’’

చెప్పండి, ఇందులో లాజిక్ ఎక్కడ తప్పింది? కోడ్ రివ్యూలో నా ముందుకొస్తే నేనూ అప్రూవ్ కొట్టేసేవాణ్ని. నీలం డ్రమ్ములో ఉన్నవి వారం వారం కొన్ని నీళ్లు మార్చడానికి నేను కలిపిపెట్టుకున్న ఉప్పు నీళ్లు. తెల్ల క్యాన్‌లో ఉన్నవి ఆరో నీళ్లు. రెండింటి మీదా పేరు రాయలేదు. ఫోన్‌లో ‘పక్కన పెట్టిన నీళ్లు’ అన్నాను, ‘ఏ పక్కన’ అని చెప్పలేదు. ఆరు రోజులు, రోజుకి 3 లీటర్లు, మొత్తం 18 లీటర్ల ఉప్పు నీళ్లు ట్యాంకులోకి వెళ్లాయి.

ఈ పొరపాటు మా అమ్మ ఒక్కతే చేసేది కాదు. సముద్రపు ట్యాంకు పెట్టిన ప్రతివాడూ మొదటి నెలలో ఎప్పుడో ఒకప్పుడు ఉప్పు డబ్బా పట్టుకుని నిలబడి, ‘నీళ్లు తగ్గాయి కదా, ఉప్పు కూడా కలపాలా?’ అని ఆలోచించే ఉంటాడు. నేనూ ఆలోచించాను. నా బుర్రలో ఆ లెక్క తేల్చింది బోధన్ మామ.

మామ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేశాడు. 1930ల చివర్లో మొదలైన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా జిల్లావాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. నేను ఇంటర్ చదివే రోజుల్లో, 2015 చివర్లో మూతపడింది. మామ మొదటిసారి నా ట్యాంకు చూడ్డానికి వచ్చినప్పుడు చేపల్ని పట్టించుకోలేదు. బల్ల మీదున్న రిఫ్రాక్టోమీటర్‌ని చేతిలోకి తీసుకుని, అద్దం మూత ఎత్తి, వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. ‘‘గిది మాదే గదరా! గిండ్ల బ్రిక్స్ ఏది?’’ అన్నాడు. చెరుకు రసంలో చక్కెర ఎంతుందో చూసేదీ, సముద్రపు నీటిలో ఉప్పు ఎంతుందో చూసేదీ ఒకే సూత్రం. ద్రవంలో కరిగింది ఎంత ఎక్కువుంటే కాంతి అంత ఎక్కువ వంగుతుంది. స్కేలు మాత్రమే వేరు. చక్కెరకి బ్రిక్స్, మనకి వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాల ఉప్పు అనే లెక్క.

నీళ్లు తగ్గితే ఉప్పు కలపాలా అని ఆయన్నే అడిగాను. మామ నవ్వాడు.

‘‘రసం ఫ్యాక్టరీలకు వచ్చినప్పుడు 15 బ్రిక్స్ ఉంటదనుకో. అంటే 100 కిలోల రసంల 15 కిలోలు కరిగిన సరుకు. దాన్ని కాగవెట్టి 60 బ్రిక్స్ పాకం చేస్తం. అప్పుడు ఎంత మిగులుతది?’’

‘‘25 కిలోలు.’’

‘‘మరి 75 కిలోలు ఏం పోయింది?’’

‘‘నీళ్లు.’’

‘‘చక్కెర పోయిందా?’’

‘‘లేదు.’’

‘‘పోతే మేం ఫ్యాక్టరీ ఎందుకు పెడతం రా?’’

అంతే. ఆవిరయ్యేది నీళ్లే. చక్కెరైనా ఉప్పైనా అక్కడే ఉంటుంది. నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో జరిగేదీ ఇదే. సముద్రపు నీళ్లని మడిలోకి వదిలితే ఎండ నీళ్లని పట్టుకుపోతుంది, ఉప్పు మనకి మిగులుతుంది. నా ట్యాంకు కూడా ఒక చిన్న ఉప్పు మడే. కాకపోతే ఇక్కడ ఉప్పు పండకూడదు.

(ఒక పక్కదారి. చక్కెర ఫ్యాక్టరీలో మొదటి పాత్రలో లేచిన ఆవిరినే రెండో పాత్ర కింద వేడిగా వాడతారు, రెండోదాని ఆవిరిని మూడోదానికి. ఈ ఐడియాకి 1843లో పేటెంట్ తీసుకున్నది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌కి చెందిన నార్బర్ట్ రిల్యూ అనే నల్లజాతి ఇంజినీర్. అప్పటికి అక్కడింకా బానిసత్వం ఉంది. మామకి ఆయన పేరు తెలీదు కానీ, ఆయన మెషీన్‌తోనే సర్వీసంతా గడిపాడు.)

ఇప్పుడు మా ఇంటి లెక్క. 150 లీటర్లు, లీటరుకి 35 గ్రాములు. అంటే ట్యాంకు మొత్తంలో సుమారు 5 కిలోల 250 గ్రాముల ఉప్పు. ఆరు రోజుల్లో 18 లీటర్ల నీళ్లు ఆవిరయ్యాయి, ఉప్పు మాత్రం ఒక్క గ్రాము కూడా లేవలేదు. ఖాళీ అయినచోట చప్పటి నీళ్లు పోసి ఉంటే మళ్లీ 35కే వచ్చేది. అమ్మ పోసిన 18 లీటర్లలో 630 గ్రాముల ఉప్పుంది. మొత్తం 5 కిలోల 880 గ్రాములైంది. 150 లీటర్లతో భాగిస్తే 39 దాటుతుంది. మట్టం గీత దగ్గరే ఉంది, నీళ్లు మెరుస్తూనే ఉన్నాయి. మోసమంతా అక్కడే. లెవెల్ సరిగ్గా ఉందంటే అంతా సరిగ్గా ఉన్నట్టు కాదు.

అసలు ఏమీ పొయ్యకుండా వదిలేసినా ఇంచుమించు ఇదే జరిగేది. 132 లీటర్లలో అదే 5 కిలోల 250 గ్రాములు, అంటే 39.8. కాకపోతే అప్పుడు కింది తొట్టిలో పంపు గాలి పీలుస్తూ గరగరమని అరుస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అమ్మ అంత జాగ్రత్తగా పోసింది కాబట్టి ఎవరికీ ఏ అలారం మోగలేదు.

చేపలు ఓర్చుకున్నాయి. చేప తన ఒంట్లో ఉప్పు ఎంతుండాలో తానే చూసుకుంటుంది. ఎక్కువైన దాన్ని మొప్పల ద్వారా బయటికి నెడుతుంది. రొయ్యలాంటి వెన్నెముక లేని సముద్ర జీవుల్లో చాలావాటికి ఆ వెసులుబాటు తక్కువ. బయటి నీళ్లు ఎలా మారితే లోపలా అలాగే మారుతుంది. సోమవారం పొద్దున లేచి చూస్తే డాక్టర్ సాబ్ పెంకు సగం విడిచి, సగంలోనే ఆగిపోయి ఉంది. ప్రాణం లేదు.

అమ్మ లేవకముందే దాన్ని తీసి పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతేశాను. చెప్పొద్దనుకున్నాను. మా ఇంట్లో అలాంటివి దాగవు. టిఫిన్ దగ్గర ‘‘రొయ్య కనవడ్తలేదు?’’ అంది. నేను ఇడ్లీ వైపు చూశాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘నేనే చంపిన్నా?’’ అంది.

ఏం చెప్పాలి? డ్రమ్ము మీద పేరు రాయనిది నేను. ఫొటో సరిగ్గా చూడనిది నేను. హాబీ నాది, జీతం నాది, ఊరెళ్లిందీ నేనే. అదే చెప్పాను. ఆమె నమ్మినట్టు తలూపింది, నమ్మలేదు. ఆ రోజంతా ట్యాంకు ఉన్న వైపు రాలేదు. ఆఫీసులో ఎవరైనా ప్రొడక్షన్ సర్వర్ పడేస్తే ‘తప్పు మనిషిది కాదు, ప్రాసెస్‌ది’ అని పెద్ద డాక్యుమెంట్ రాస్తాం. ఇంట్లో ఆ మాట చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇలాంటిది మీకు జరిగితే చేయకూడని మొదటి పని, కంగారులో ఒక్కసారే బకెట్లకొద్దీ మంచినీళ్లు గుమ్మరించడం. ఎక్కిన ఉప్పుని మెల్లగానే దించాలి. 39 నుంచి 35కి రావాలంటే నా ట్యాంకులో 17 లీటర్ల వరకు ఉప్పు నీళ్లు తీసి అంతే ఆరో నీళ్లు పొయ్యాలి. దాన్ని 5 రోజులకి పంచుకున్నాను. రోజుకి మూడున్నర లీటర్లు తీయడం, అన్ని పోయడం, పైగా ఆ రోజు ఆవిరైన 3 లీటర్లు వేరే. ఈ రెండూ కలిపేసుకుని గందరగోళ పడొద్దు. ముందు గీత దాకా చప్పటి నీళ్లు పోసి, తర్వాతే ఉప్పు నీళ్లు తీయడం మొదలుపెట్టాలి. శుక్రవారం రాత్రికి 35 వచ్చింది. నత్తలు నాలుగూ బతికాయి.

ఇక ఏ నీళ్లు పొయ్యాలన్నది. మా ఇంట్లో మూడు రకాలున్నాయి. బోరు, మిషన్ భగీరథ నల్లా, ఫిల్టర్. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనుషులకి మంచిదే, ట్యాంకుకి కాదు. బోరు నీళ్ల గురించి తెలియాలంటే మీ ఇంట్లో ఎయిర్ కూలర్ వెనక తలుపు తీసి చూడండి. గడ్డి మీద తెల్లగా, సున్నం పూసినట్టు పొర ఉంటుంది. మేలో గడ్డిని పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది. అదే మామ చెప్పిన చక్కెర కథ. కూలర్‌లో నీళ్లు ఆవిరై పోతాయి, బోరులో కరిగొచ్చిన సున్నపు లవణాలు గడ్డి మీదే ఉండిపోతాయి. రోజూ బోరు నీళ్లు పోస్తే ట్యాంకులోనూ అదే జరుగుతుంది, కానీ కనపడదు. మా బోరు నీటికి టీడీఎస్ మీటర్ పెడితే 740 చూపించింది. రోజుకి 3 లీటర్ల చొప్పున ఏడాది పోస్తే 800 గ్రాముల పైచిలుకు ఏవేవో లవణాలు ట్యాంకులో చేరతాయి. సముద్రంలో ఏది ఎంతుండాలో ఒక లెక్కుంటుంది, ఇవి ఆ లెక్కలోవి కావు. అందుకే ఆరో నీళ్లు, వీలైతే దాని తర్వాత డీఐ ఫిల్టర్ కూడా పెట్టి సున్నా చూపించే నీళ్లు. ఊళ్లో అమ్మే 20 లీటర్ల ఫిల్టర్ క్యాన్ వాడతానంటే మీ ఇష్టం, కానీ ప్రతి క్యాన్‌కీ మీటర్ పెట్టండి. ఒకే ప్లాంటు నీళ్లు ఒక రోజు 40, ఇంకో రోజు 110 చూపించడం నేను చూశాను.

ఆరో అనగానే అమ్మ లెక్క ఇంకోటుంటుంది. మంచి నీళ్లు లీటరు వస్తే మా మెషీన్ మూడు లీటర్ల దాకా వదిలేస్తుంది. ఎండాకాలంలో వీధిలో బోర్లు ఒక్కొక్కటే గాలి పోస్తుంటే, ‘రెండు చేపలకు గిన్ని నీళ్లా’ అనే ప్రశ్నకి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. వదిలేసే పైపుని బకెట్‌లోకి మళ్లించాను. వాకిలి కడగడానికి, బండి తుడవడానికి అవే. ఇంకా మంచి ఉపాయం, అసలు ఆవిరి తగ్గించడం. ఇక్కడే ఒక చిక్కుంది.

ట్యాంకు మీద గాజు మూత పెడితే ఆవిరి సగానికి సగం తగ్గుతుంది. కానీ మేలో మా దగ్గర 44 డిగ్రీలు వింతేమీ కాదు. మూత పెడితే నీళ్లు 32 దాటుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. మూత తీసి, నీటి మీదకి గాలి కొట్టేలా పాత కంప్యూటర్ ఫ్యాన్లు రెండు పెడితే 28కి దిగుతుంది. ఎలా అంటే, ఎండాకాలం మన రంజన్‌లో నీళ్లు చల్లబడ్డట్టే. ఆవిరయ్యే ప్రతి చుక్కా తనతో వేడిని పట్టుకుపోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే పోయే వేడి సుమారు 675 వాట్-అవర్లు, మూడు లీటర్లంటే రెండు యూనిట్ల కరెంటుతో సమానం. ఇంకోలా చెప్తాను. 150 లీటర్లని 1 డిగ్రీ చల్లార్చాలంటే పావు లీటరు ఆవిరైతే చాలు, బయటి వేడి మళ్లీ లోపలికి రాకుండా ఉంటే. రాకుండా ఉండదు కాబట్టే మూడు లీటర్లు.

అంటే రోజూ పోతున్న ఆ మూడు లీటర్లు నష్టం కాదు. చిల్లర్ కొనలేని నా ఏసీ బిల్లు అది. చిల్లర్ ధర చూశాక బిల్లు మీద గౌరవం కూడా వచ్చింది. అదే జూలై ముసురులో గాలి తడిగా ఉంటే రోజుకి లీటరు కూడా పోదు. అప్పుడు ఫ్యాన్ తిరిగినా పెద్దగా చల్లబడదు, అంత అవసరమూ ఉండదు. ఇంకో తమాషా, ట్యాంకు ఉన్న హాల్లోనే కూలర్ వేస్తే గది తడిగా మారి ట్యాంకు ఫ్యాన్ పని తగ్గిపోతుంది. బాపు కూలర్‌కీ నా ఫ్యాన్లకీ మధ్య ఈ యుద్ధం రెండు వేసవులు నడిచింది. కూలర్‌ని కిటికీ బయటికి పెట్టి, ఎదురుగా తలుపు తెరిచి గాలి పోయేలా చేశాక సంధి కుదిరింది.

ఈ సంగతి విన్న ప్రతి ఫ్రెండూ అడిగేది ఒకటే: ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌వి, ఆటోమేట్ చెయ్యొచ్చు కదరా?’ చెయ్యొచ్చు. దాన్ని ఆటో టాప్-ఆఫ్ అంటారు. కింది తొట్టిలో ఒక ఫ్లోట్ స్విచ్ లేదా ఆప్టికల్ సెన్సర్, పక్కన ఆరో నీళ్ల డబ్బా, అందులో చిన్న పంపు. మట్టం తగ్గితే పంపు ఆన్, గీత చేరితే ఆఫ్. రోజుకోసారి మూడు లీటర్లు గుమ్మరించే బదులు గంటగంటకీ గుక్కెడు పోస్తుంది కాబట్టి ఉప్పు స్థాయి ఊగదు. హైదరాబాద్ నుంచి వచ్చిన రెండో వారమే నేనూ పెట్టాను.

కానీ కోడ్ రాసేవాణ్ని కాబట్టి నాకు మొదట గుర్తొచ్చింది ఎగ్జిట్ కండిషన్ లేని లూపు. ఫ్లోట్ కిందే ఇరుక్కుపోతే పంపు ఆగదు. ఇరుక్కోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నత్త ఎక్కి కూర్చుంటే చాలు. మూడో రోజే ఎక్కింది. అందుకే రెండు గొళ్లాలు పెట్టాను. ఒకటి, పంపు ఒక్కసారికి రెండు నిమిషాలు మించి తిరిగితే దానంతటదే ఆగి నా ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. రెండోది ఏ కోడూ అక్కర్లేనిది: చిన్న డబ్బా. 20 లీటర్ల డబ్బా మొత్తం ఒకేసారి ట్యాంకులోకి పోతే ఉప్పు 31కి పడిపోతుంది. 10 లీటర్లదైతే 33 దగ్గర ఆగుతుంది. అన్నీ ఫెయిలైన రోజు కూడా చేపలు బతకాలంటే డబ్బా చిన్నది కావాలి. డబ్బాని తొట్టి కంటే కిందే పెట్టాలి, పైపు కొసని నీళ్లలో ముంచకూడదు. లేకపోతే పంపు ఆగినా సైఫన్‌లా నీళ్లు కారుతూనే ఉంటాయి.

కరెంటు పోయినప్పుడు కింది తొట్టి మట్టం చూసి మోసపోవద్దు. పంపు ఆగగానే పై ట్యాంకు నీళ్లు కొన్ని కిందికి దిగి మట్టం గీత దాటిపోతుంది. గీత ఎప్పుడూ పంపు తిరుగుతున్నప్పటి లెక్క. ఇంకోటి, అంచుల మీద పేరుకునే తెల్లటి ఉప్పు, స్కిమ్మర్ కప్పులో పారబోసే మురికి నీళ్లు, వీటితో కొంచెం కొంచెం ఉప్పు బయటికి పోతూనే ఉంటుంది. ‘ఉప్పు ఎక్కడికీ పోదు’ అన్నది రోజువారీ లెక్కకి నిజం, నెలల లెక్కకి పూర్తిగా కాదు. అందుకే ఎంత ఆటోమేట్ చేసినా వారానికోసారి కంటితో రిఫ్రాక్టోమీటర్ చూడాల్సిందే.

10 లీటర్ల డబ్బా ఎండాకాలంలో మూడు రోజులకి అయిపోతుంది. అంటే నేను ఊరెళ్తే మళ్లీ అమ్మే నింపాలి. సెన్సర్లు పెట్టింది ఆమె పని తప్పించడానికి, చివరికి తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వచ్చాను. ఈసారి కూర్చోబెట్టి చూపించాను. తెల్ల క్యాన్ మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో ‘రోజూ పోసేవి’ అని రాశాను. నీలం డ్రమ్ము మీద ‘ముట్టొద్దు’ అని. అమ్మ రెండోది చదివి, ‘‘గట్ల రాస్తరా? దయ్యం ఉన్నట్టు’’ అని, మార్కర్ తీసుకుని కొట్టేసి, ‘ఉప్పు కలిపినవి – పిలగాడు మాత్రమే’ అని తన చేతిరాతతో రాసింది. రిఫ్రాక్టోమీటర్ కూడా ఇచ్చాను. మొదట వెలుతురుకి ఎదురుగా పట్టక, అంతా నల్లగా ఉందంది. మామ వీడియో కాల్‌లో నేర్పించాడు. నేను గంటసేపు చెప్పినా రానిది అక్కాతమ్ముళ్లు కొట్లాడుకుంటూ ఐదు నిమిషాల్లో తేల్చేశారు.

జూన్‌లో మళ్లీ నాలుగు రోజులు హైదరాబాద్ వెళ్లాను. మూడో రోజు రాత్రి పది గంటలకి ఫొటో వచ్చింది. రిఫ్రాక్టోమీటర్ కళ్లద్దం లోంచి తీసింది, సగం మసక. నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తోంది. ఈసారి జూమ్ చేశాను. 35 కంటే పిసరంత పైన.

‘‘35 మీద కొంచెం ఉన్నది,’’ అని వాయిస్ మెసేజ్. ‘‘డబ్బా ఖాళీ అయింది, ఇప్పుడే నింపిన. తెల్ల క్యాన్లవే. నాలుక మీద కూడ పెట్టి చూసిన.’’